ముక్కు మేస్త్రి

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఇదీ: మామగారి ముక్కు పనిచేయడం మానేసింది, ఆ ముక్కు మాట నమ్మి ఏదో ఒకరోజు తన మొగుడు గ్యాస్ ఉన్న పైపు మీద రంపం పెడతాడు.

ఈ మాట పైకి అంటే ఎవరూ నమ్మరు. ఎందుకంటే ఆ ఇంట్లో ఆమె పేరే కంగారమ్మ. పెట్టింది మామగారే. కాపురానికొచ్చిన కొత్తలో, పొయ్యి ఆపానో లేదో అని వీధి చివరిదాకా వెళ్ళినామె వెనక్కి పరుగెత్తుకొచ్చింది. ఆ రోజు పెట్టారు. కూతురు పుట్టాక ఆ పేరు ఇంకా గట్టిపడింది. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరాడుతోందా అని చూసేది. పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడిస్తే, "హమ్మయ్య, ఏడుస్తోంది" అనేది. అలాంటి మనిషి వచ్చి మామయ్య ముక్కు పోయిందంటే నవ్వక ఏం చేస్తారు?

వాళ్ళది పైపులకు దుప్పటి కప్పే పని. ఎవరైనా అడిగితే మామగారు అలాగే చెప్పేవారు. పళ్ళూ చేపలూ దాచే పెద్ద కోల్డ్ స్టోరేజీల్లో, ఐస్ ఫ్యాక్టరీల్లో, అమ్మోనియా గ్యాస్ తిరిగే పైపులు ఉంటాయి. వాటిని ఉత్తగా వదిలేస్తే చలంతా దారిలోనే పోతుంది. అందుకని థర్మోకోల్ లాంటి గట్టి నురుగుతో చేసిన దోనెల్లాంటి ముక్కలు రెండు వైపులనుంచీ తొడిగి, అతుకుల్లో నల్లటి జిగురు పూసి, దాని మీద తేమ చొరని పొర చుట్టి, ఆఖరికి అల్యూమినియం రేకు బిగిస్తారు. మామగారు మేస్త్రి. కొడుకు చేతిలో రంపమూ రేకు కత్తెరా. కోడలు కింద కూర్చుని నురుగు ముక్కలు కొలిచి కోసి, జిగురు కలిపి అందిస్తుంది.

కొత్త పైపుకు కప్పడం సుఖమైన పని. కష్టమంతా పాతది విప్పడంలోనే. ఎప్పుడో ఎవడో అతుకు దగ్గర చీమ దూరేంత సందు వదిలేసి ఉంటాడు. అందులోంచి గాలిలోని తేమ లోపలికి దూరి, పైపుకు అంటుకుని, మంచై, మళ్ళీ నీళ్ళై, ఏళ్ళతరబడి ఇనుమును కొరుకుతూ కూర్చుంటుంది. పైన రేకు మాత్రం పెళ్ళికొడుకులా తళతళలాడుతుంటుంది. లోపల పైపు చిల్లిపడి ఉంటే ఆ గ్యాస్ నేరుగా బయటికి రాదు. నురుగుకీ ఇనుముకీ మధ్య నక్కి ఉంటుంది. తెలియక రంపం పెట్టావా, బుస్సుమని మొహానికే కొడుతుంది.

అందుకే వాళ్ళకొక పద్ధతి ఉంది. విప్పేముందు మేస్త్రి ఆ పాత కప్పులో చేతిగాజంత రంధ్రం కోస్తారు. దాన్ని వాళ్ళు కన్ను అంటారు. మిగతావాళ్ళు దూరంగా నిలబడతారు. మేస్త్రి ముక్కు ఆ కన్నుకు ఆనించి వాసన చూస్తారు. ఏమీ లేకపోతే "శుభ్రం, విప్పు" అంటారు. అప్పుడుగానీ రంపం లేవకూడదు. గ్యాస్ ఎక్కువుంటే కళ్ళే మండి చెబుతాయి. కొంచెం ఉన్నప్పుడు చెప్పేది ముక్కొక్కటే. ఆ కొంచెం సంగతి తెలియకపోతే, ఎక్కువ వచ్చేసరికి మొహం అక్కడే ఉంటుంది. మాస్కులు ఉన్నాయి, లేకపోలేదు. కానీ మాస్కుకు బిగించే గాలి వడపోత డబ్బా మూత ఒకసారి తీస్తే దాని ఆయుష్షు తగ్గిపోతుందని, గ్యాస్ ఉందని తేలితే తప్ప పని ఇచ్చేవాళ్ళు వాడనిచ్చేవారు కాదు. ఇన్నేళ్ళూ ఆ తేల్చడమంతా మామగారి ముక్కే. ఒక్కసారీ తప్పలేదు. దాని పేరు చెప్పే ఈ కుటుంబాన్ని పనికి పిలిచేవారు.

ఆమెకు మొదట అనుమానం వచ్చింది పిల్ల వల్లే. ఒక సెలవురోజు మామగారు మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని చప్పట్లు కొట్టిస్తున్నారు. ఆమె వంటింట్లో ఉంది. వాసన వంటింటిదాకా వచ్చింది. పిల్ల తాత లుంగీ మీదే పని కానిచ్చేసింది. అంతకుముందైతే ఆయన "అమ్మాయ్, బాంబు పేలింది, పట్టుకుపో!" అని వీధంతా వినపడేలా కేకేసేవారు. ఆ రోజు మాత్రం "తాతకు ముద్దేదీ, ముద్దు" అని ఆడిస్తూనే ఉన్నారు.

ఆమె గుమ్మంలో నిలబడి, "మామయ్యా, పిల్ల..." అంది.

"ఏం, పాలవేళైందా?" అన్నారాయన.

నవ్వు రావాల్సిన చోట ఆమెకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. వానల్లో ఆయనకు బాగా జ్వరం వచ్చింది. తగ్గినప్పటినుంచీ కూరలో ఏమీ వెయ్యడం లేదా అని సణుగుడు. పళ్ళెంలో ఉప్పు గుమ్మరించుకోవడం. పాలు అడుగంటి ఇల్లంతా కమురు వాసన కొడుతుంటే, పక్కనే కూర్చుని గడ్డం గీసుకోవడం. అయినా తనది కంగారేనేమో అని ఆమె తనకు తనే సర్దిచెప్పుకుంది. సర్దుకోలేక ఒక పిచ్చిపని చేసింది. ఆయన తువ్వాలు కొసకు రవ్వంత కిరసనాయిలు అద్ది దండెం మీద వేసింది. ఆయన స్నానం చేసొచ్చి, దాంతోనే తల తుడుచుకుని, మొహం తుడుచుకుని, "ఎండ భలే కాసిందమ్మాయ్, ఘుమఘుమలాడేలా ఆరింది" అన్నారు.

ఘుమఘుమ! ఆ ఒక్క మాటతో ఆమెకు ఇంకొకటి కూడా తెలిసింది. ముక్కు పోయిందని ఆయనకూ తెలుసు. దాస్తున్నారు.

మొగుడితో చెప్పింది. అతను బూట్లు విప్పుకుంటున్నాడు.

"ఏమయ్యా, మామయ్యకు వాసన తెలియడం లేదు."

"మా నాన్నకా? పక్కవీధిలో చుట్ట కాలిస్తే ఏ పొగాకో చెప్పే మనిషికా?"

"అది అప్పుడు. ఇప్పుడు కాదు."

"మొన్న పిల్ల తుమ్మితే ఊపిరితిత్తులన్నావు. నిన్న నాకు తేనుపు వస్తే గుండెన్నావు. ఇవాళ నాన్న ముక్కు. రేపెవరి చెవి?"

"కిరసనాయిలు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారయ్యా. నేనే అద్దాను."

"మా నాన్న మొహానికి కిరసనాయిలు పూశావా? ఇంకా నయం, అగ్గిపుల్ల గియ్యలేదు!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. చేతిలోని బూటు కింద పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఈ మాట బయట అనకు. ఆయనకు ఆ ముక్కు తప్ప ఇంకేం ఉంది?" అన్నాడు.

అంటే ఇతనికీ తెలుసన్నమాట. ఇద్దరికీ తెలిసి, ఒకరికి తెలుసని ఇంకొకరికి తెలియనట్టు తిరుగుతున్నారు. అది వాళ్ళ మర్యాద. ఆ మర్యాద పైపు దగ్గర ఎవరి ప్రాణం తీస్తుందో అని ఆమెకు అన్నం సహించలేదు.

మామగారితోనే తేల్చుకుందామని పనికి వెళ్ళే దారిలో ఒకసారి నోరు విప్పింది. "మామయ్యా, ఈసారి మాస్కు పెట్టుకునే కన్ను పెట్టకూడదూ?"

"మాస్కు పెట్టుకుంటే ముక్కెందుకే కంగారమ్మా? ఇంట్లో పెట్టి తాళం వేసి రానా?"

పక్కన మొగుడు నవ్వాడు.

అప్పుడు వచ్చిందే ఆ కోల్డ్ స్టోరేజీ పని. పాత కట్టడం. చల్లగదుల ముందు పొడవాటి నడవా, పైన పైపులు. వాటిలో ఒకదానికి కప్పు ఉబ్బిపోయి, రివెట్లు ఊడి, అతుకులోంచి మంచు నాలుక బయటపెట్టినట్టు వేలాడుతోంది. దాన్ని విప్పి కొత్తది తొడగాలి. అక్కడి ఆపరేటర్ మంచివాడే, కాస్త మాటకారి. "ఆ లైను కట్టేశాం మేస్త్రీ. లోపలున్నదంతా లాగేశాం. ఏదైనా మిగిలితే కాస్తో కూస్తో. అది మీ ముక్కు చూసుకుంటుందిలే" అన్నాడు. అందరూ ఆ ముక్కు మీదే బరువంతా వేసి నిశ్చింతగా ఉన్నారు.

ఆమె పిల్లను గేటుదగ్గర కాపలాదారు భార్యకు అప్పగించింది. అంతకుముందే ఒక పుల్లకు పొర ముక్క కట్టి గాలి ఎటు వీస్తోందో చూసుకుంది. గేటువైపు వీయడం లేదు. మళ్ళీ చూసింది. "ఎన్నిసార్లు చూస్తావమ్మా, గాలికి సిగ్గేస్తుంది" అంది కాపలాదారు భార్య.

గ్లాసు నీళ్ళకని ఆపరేటర్ గదిలోకి వెళ్ళినప్పుడు బల్లమీద ఆమెకు అవి కనబడ్డాయి. చిన్న పుస్తకంలా కుట్టిన ఎర్ర కాగితపు ముక్కలు. ఆమె ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసింది. వాళ్ళమ్మ మంచం పడితే తమ్ముళ్ళను చూసుకోవాల్సి వచ్చింది. బడిలో ఆఖరుగా గుర్తున్న పాఠాల్లో అదొకటి. మాస్టారు సబ్బునీళ్ళలో ఎర్ర కాగితం ముంచితే నీలమైంది. పిల్లలంతా ఓ అన్నారు.

"అన్నా, ఇవెందుకు?"

"గదులు చల్లబరిచే ఉప్పునీళ్ళలో గ్యాస్ కలిసిందేమో చూడటానికి చెల్లెమ్మా. తడిపి పెడితే చాలు, గ్యాస్ తగిలిందంటే రంగు మారుతుంది."

"రెండు ఇవ్వవా? మా పిల్లకు రంగులంటే ఇష్టం."

"ఉన్నది ఒక్కటే రంగు కదా, ఎరుపు."

"రెండోది లోపల దాక్కుని ఉంటుందిగా."

అతను ఆమె వైపు వింతగా చూసి, "తీసుకో, పాతదేలే" అని పుస్తకం మొత్తం ఇచ్చాడు. ఆమె దాన్ని జాకెట్లో దోపుకుంది. ఎందుకు తీసుకుందో ఎవరికీ చెప్పలేదు. చెబితే మామగారి పరువు ఆ నడవాలోనే పోతుంది. చెప్పకపోతే ఏం పోతుందో తలుచుకోవడానికి కూడా ధైర్యం లేదు.

మామగారు పైపుల కింద కట్టిన చెక్క పలక మీదికెక్కారు. గుండ్రటి కత్తితో కన్ను కోసి, నురుగు బిళ్ళను జాగ్రత్తగా లాగి పక్కన పెట్టారు. కొడుకు పలక మీద అవతలి కొసన రంపం పట్టుకుని నిలబడ్డాడు. ఆమె జిగురు డబ్బా అందించే వంకతో నిచ్చెన ఎక్కింది.

ఆయన కళ్ళు మూసుకున్నారు. మొహం కన్నుకు ఆనించారు. ఎప్పటిలాగే భుజాలు పైకి లేచేలా ఊపిరి పీల్చారు. అచ్చం ఎప్పటిలాగే. కాకపోతే మునుపు ఇంతసేపు పట్టేది కాదు.

"శుభ్రం. విప్పు."

కొడుకు దగ్గరికొచ్చాడు. రంపం ఎత్తాడు. ఎత్తి ఆగాడు. ఒక్క క్షణం భార్య వైపు చూశాడు. ఆ చూపు ఆమె ఈ జన్మకు మర్చిపోదు. వద్దని చెప్పు, నువ్వైనా వద్దని చెప్పు, అన్నట్టుంది. నాన్న మాట కాదనలేక, మళ్ళీ తల తిప్పుకుని రంపం రేకు మీద ఆనించాడు.

"ఆగు!"

ఆమె ఎర్ర కాగితం నాలుకకు తడిపి, ఇద్దరి మధ్యనుంచి చెయ్యి చాచి ఆ కన్ను దగ్గర పెట్టింది.

"ఏంటమ్మాయ్ అది?"

"కాగితం మామయ్యా."

"కాగితమని నాకూ తెలుసు. నా మాటమీద కాగితం పెడతావా? నీ కంగారు ఇంట్లో చూపించు, పనిమీద కాదు. దిగు కిందికి!" ఆయన ఒంటికాలిమీద లేచారు. ఆమె ఎప్పుడూ ఆయన నోట అలాంటి గొంతు వినలేదు.

ఆమె దిగలేదు. కాగితం అంచు మసకబారింది. మసక కాస్తా నీలమైంది. నీలం మెల్లగా వేళ్ళదాకా పాకింది.

కొడుకు రంపం పలక మీద పెట్టేశాడు. వంగి, కన్నుకు జానెడు దూరంలో వాసన చూశాడు. చెంప మీద కొట్టినట్టు వెనక్కి జరిగాడు.

"నాన్నా..." అన్నాడు.

మామగారు ఆ కాగితం వైపు చూశారు. తర్వాత మళ్ళీ వంగారు, ఎవరూ వద్దనేలోపే. మళ్ళీ పీల్చారు. ఆగి ఇంకోసారి పీల్చారు. ఆ మొహంలో కోపం లేదు. తన ఇంటి తలుపే కొడుతూ, లోపలినుంచి ఎవరూ పలకకపోతే నిలబడిపోయిన మనిషిలా ఉన్నారు. కొడుకే ఆయన భుజం పట్టుకుని లాగాడు.

ఆపరేటర్ పరుగున వచ్చాడు. వాల్వు ఒకటి పూర్తిగా బిగియలేదని తేలింది. దాన్ని మూసి, అందరినీ బయటికి పంపి, మాస్కులు తొడుక్కున్నాకే కప్పు విప్పారు. లోపల పైపు బొటనవేలితో నొక్కితే లొత్తపడేలా ఉందట. రేకు ఊడగానే అప్పటిదాకా నక్కి ఉన్న గ్యాస్ తెల్లగా ఒక్క ఉదుటున బయటపడిందట, సరిగ్గా రంపం పట్టిన మనిషి మొహం ఉండేచోట. ఈ సంగతి మొగుడు చెబుతుంటే ఆమె పిల్లను గట్టిగా అదుముకుంది. పిల్ల ఊపిరాడక గింజుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చాక మామగారు అరుగుమీద కూర్చున్నారు. ఆమె టీ ఇచ్చింది. ఆయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, తీసేశారు.

"ఎప్పటినుంచి తెలుసమ్మాయ్ నీకు?"

"పిల్ల మీ లుంగీ పాడుచేసిన రోజునుంచి."

"ఆ తువ్వాలు?"

ఆమె తలదించుకుంది.

"రెండ్రోజులు చెంప మండిందే కంగారమ్మా! సబ్బు మారిందనుకున్నాను" అని ఆయన నవ్వారు. ఆమె కూడా నవ్వబోయింది. అప్పుడాయన పిల్లను దగ్గరికి తీసుకుని, దాని నెత్తిమీద మొహం ఆనించారు. "దీని తల వాసన కూడా తెలియదమ్మా నాకిప్పుడు. అది పుట్టినప్పుడు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుని పీలుస్తుంటాను. ఇవాళ ఆ పైపు దగ్గర కూడా అంతే. శుభ్రంగా ఉన్న పైపు వాసన ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకుని శుభ్రం అన్నాను."

కొడుకు గుమ్మంలోంచి, "రేపటినుంచి కాగితంతో చేద్దాం నాన్నా. మేస్త్రివి నువ్వే" అన్నాడు.

"కాగితం పట్టుకోవడానికి మేస్త్రి ఎందుకురా?"

"అలాగంటే ఎలా? అతుకులు చూడ్డానికి, పని చెప్పడానికి నువ్వు ఉండాలి కదా."

"ఉంటాలే" అన్నారాయన. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే అనుమానించాల్సింది.

కొద్దిరోజులకు, తెల్లారి ఆమె ముగ్గురికీ టీ పెడుతుంటే, ఆయన పనిసంచి సర్దుకుని కనబడ్డారు. పాత మేస్త్రి ఒకాయన రమ్మన్నాడని, నాలుగురోజులు చూసి వస్తానని అన్నారు. మొహం తేటగా ఉంది. చాన్నాళ్ళకు తేటగా ఉందని ఆమెకు సంతోషమనిపించింది. ఆయన టీ తాగుతుండగా, ఎందుకో మనసాగక, పనికోసం కొత్తగా కొన్న ఎర్ర కాగితాల పుస్తకాల్లో ఒకటి, ఇంకా ఒక్క ముక్కా చింపనిది, తెచ్చి సంచి పక్కజేబులో దూర్చింది. ఆయన చూశారో లేదో తెలియదు. చెప్పులేసుకుంటూ, "పొయ్యి ఆపావా కంగారమ్మా?" అని వెక్కిరించి వెళ్ళిపోయారు. పొయ్యి ఆపిందో లేదో చూసుకోవడానికి ఆమె లోపలికి వెళ్ళింది. అన్నిటికీ కంగారు పడే మనిషి, పడాల్సిన ఆ ఒక్కసారి పడలేదు.

నాలుగురోజులు గడిచిపోయాయి. ఆయన రాలేదు. పాత మేస్త్రిని అడిగితే, "నేను రమ్మనలేదే" అన్నాడు. ఒకసారి ఎవరి ఫోనులోంచో మాట్లాడారు. బాగానే ఉన్నానన్నారు. పిల్లతో ముద్దు పెట్టించుకున్నారు. ఎక్కడున్నావు నాన్నా అంటే, "పనున్న చోట. ఇక్కడ నన్ను ముక్కు మేస్త్రి అని పిలుస్తున్నార్రా. నేను వాసన చూడందే ఒక్కడూ రంపం ఎత్తడు" అని గొప్పగా చెప్పారు. వెనకాల రేకు కోస్తున్న చప్పుడు. కొడుకు ఏదో అనేలోపే పెట్టేశారు. మళ్ళీ ఆ నంబరుకు చేస్తే ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆమె మొగుడు కన్ను పెట్టిన ప్రతిసారీ కాగితం తడుపుతాడు. ఆ భయం తీరింది. దాని చోటులోకి ఇది వచ్చి కూర్చుంది. ఎక్కడో ఇంకొకామె మొగుడు, ఇంకొక పిల్ల తండ్రి, రంపం పట్టుకుని ఆ ముక్కు వైపు చూస్తూ నిలబడి ఉంటాడు. ఆ ముక్కు వెనకాల మామయ్య ఉంటారు, గుర్తు తెచ్చుకుని పీలుస్తూ. సంచి జేబులోని పుస్తకం అలాగే ఉందో, ఎక్కడైనా పారేశారో.

మీ ఊళ్ళోనూ కోల్డ్ స్టోరేజీ ఉండే ఉంటుంది. అక్కడ పాత పైపులు విప్పుతుంటే ఒక్కసారి లోపలికి తొంగిచూడండి. నెరిసిన మీసం, ఎడమ చెంపమీద చిన్న మచ్చ, మెడలో తువ్వాలు ఉన్న పెద్దాయన ఎవరైనా పైపుకు మొహం ఆనించి కళ్ళు మూసుకుని కనబడితే, ఆయన కిందికి దిగేదాకా ఆగి, టీ ఇప్పించండి. మనవరాలు తాతా అంటోందని చెప్పండి. మాటల్లో పెట్టి, ఆ సంచి పక్కజేబులో ఎర్ర కాగితాల పుస్తకం ఉందేమో చూడండి. ఉంటే, ముక్కలేమైనా చింపి ఉన్నాయో లేదో చూడండి. ఒక్కటి చింపి ఉన్నా చాలు. అసలు ముట్టుకోకుండా ఉంటే మాత్రం, దయచేసి, రంపం పట్టుకున్న ఆ అబ్బాయి ఎవరో కనుక్కుని, అతని చెవిలో ఒక మాట వెయ్యండి.